అన్నవాహిక క్యాన్సర్: లింఫ్ నాళాలే వ్యాప్తికి దారి

పశ్చిమ బెంగాల్‌లోని రైల్వే పట్టణం ఖరగ్‌పూర్‌లో తెలుగు కుటుంబాలు తరతరాలుగా నివసిస్తున్నాయి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడినవారి వారసులు రైల్వే కాలనీల్లో కనిపిస్తారు. ఉత్తరాంధ్ర తీరంలో చుట్ట నిప్పును నోటిలోపల ఉంచి పీల్చే ‘అడ్డపొగ’ అంగిలి క్యాన్సర్‌కు కారణమవుతుందని పరిశోధకులు ఏనాడో నిర్ధారించారు. పొగాకు ముప్పు నోటితో ఆగదు. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా, వక్కతో కూడిన తాంబూలం, మద్యం అన్నవాహికను కూడా దెబ్బతీస్తాయి. 65 డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడి పానీయాలు బహుశా క్యాన్సర్ కారకాలేనని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2016లో ప్రకటించింది.

అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల పొడవైన కండర నాళం. దీనిలో వచ్చే క్యాన్సర్లు ప్రధానంగా రెండు రకాలు. లోపలి పొరలోని పలుచని కణాల నుంచి పుట్టే స్క్వామస్ రకం భారతదేశంలో ఎక్కువ. జీర్ణాశయానికి దగ్గరగా, కింది భాగంలో తరచుగా వచ్చేది అడినోకార్సినోమా.

ఈ వ్యాధి ప్రమాదకరం కావడానికి అన్నవాహిక నిర్మాణమే ఒక కారణం. శరీర ద్రవాన్ని సేకరించి తిరిగి రక్తంలోకి చేర్చే లింఫ్ నాళాలు దాని గోడలో పైపొరలకు అతి సమీపంలోనే దట్టంగా అల్లుకొని ఉంటాయి. ఇవి నిలువుగా పైకీ కిందికీ సాగుతాయి. అందువల్ల ఛాతీలో పుట్టిన కణితి నుంచి వెలువడిన కణాలు పక్కనున్న గ్రంథులను దాటి మెడలోనో, ఉదరంలోనో ఉన్న లింఫ్ గ్రంథులలో స్థిరపడవచ్చు. అన్నవాహికలో అధిక భాగానికి బయట గట్టి పొర లేకపోవడం కూడా కణితి విస్తరణకు వీలు కల్పిస్తుంది.

ఈ దారిని కణితి తానే విశాలం చేసుకుంటుంది. కణాలను పెరగమని, విభజన చెందమని ఆదేశించే ప్రొటీన్లను వృద్ధి కారకాలు అంటారు. గాయం మానడానికి, పిండం ఎదగడానికి ఇవి అవసరం. క్యాన్సర్ కణాలు వీటినే తమ ప్రయోజనానికి వాడుకుంటాయి. వీఈజీఎఫ్-ఏ అనే కారకం కొత్త రక్తనాళాలను మొలిపించి కణితికి ఆహారం అందేలా చేస్తుంది. 1996లో ఫిన్లండ్ శాస్త్రవేత్తలు వెల్లడించిన వీఈజీఎఫ్-సీ లింఫ్ నాళాలపై పనిచేస్తుంది. ఆ నాళాల కణాలపై ఉండే వీఈజీఎఫ్ఆర్-3 అనే గ్రాహకానికి ఇది అతుక్కోగానే నాళాలు వెడల్పవుతాయి, కొత్త శాఖలు వేస్తాయి. సూక్ష్మ లింఫ్ నాళాల గోడలు సహజంగానే వదులుగా ఉంటాయి కనుక క్యాన్సర్ కణాలు సులువుగా లోనికి చేరుతాయి. ఈ కారకం ఎక్కువైతే లింఫ్ గ్రంథులకు వ్యాప్తి పెరుగుతుందని 2001లో ఎలుకలపై జరిగిన ప్రయోగాలు చూపాయి. అయితే దీన్ని కొలిచి చికిత్సను నిర్ణయించే పద్ధతి ఇంకా సాధారణ వైద్యంలోకి రాలేదు.

వ్యాధి దశను తేల్చడంలో లింఫ్ గ్రంథులది కీలక స్థానం. ఒకటి రెండు గ్రంథులకు సోకితే ఎన్1, మూడు నుంచి ఆరైతే ఎన్2, ఏడు లేదా అంతకు మించితే ఎన్3 అంటారు. సంఖ్య పెరిగిన కొద్దీ కోలుకునే అవకాశం తగ్గుతుంది. కణితి లోపలి పొరకే పరిమితమైతే అనేక సందర్భాల్లో ఎండోస్కోపీ ద్వారానే తొలగించవచ్చు. దాని కింది పొరకు చేరితే గ్రంథులకు పాకే ముప్పు గణనీయంగా పెరుగుతుంది. అప్పుడు శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్‌లను తగిన విధంగా కలిపి వాడవలసి వస్తుంది.

అన్నవాహిక సాగే గుణం కలది కావడంతో, అది బాగా ఇరుకైన తరువాతే మింగడం కష్టమవుతుంది. మొదట అన్నం, రొట్టె అడ్డుపడతాయి. క్రమంగా ద్రవాలు కూడా దిగవు. కారణం లేకుండా బరువు తగ్గడం, మాట బొంగురుపోవడం, మెడలో గడ్డ కనిపించడం కూడా హెచ్చరికలే. నీళ్లు తాగుతూ ముద్ద దింపుకోవడం, గంజితో సరిపెట్టుకోవడం ఉపశమనం ఇవ్వవచ్చు కాని వ్యాధిని ఆపలేవు. ఈ లక్షణాలు కనిపించినవారు ఆలస్యం చేయక వైద్యుని సంప్రదించి ఎండోస్కోపీ చేయించుకోవడం శ్రేయస్కరం. కోల్‌కతాలోని చిత్తరంజన్ జాతీయ క్యాన్సర్ సంస్థ, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి ప్రభుత్వ రంగ కేంద్రాలలో క్యాన్సర్ చికిత్స లభిస్తోంది. పొగాకు, మద్యం మానడం, టీని కొంత చల్లార్చి తాగడం ముప్పును తగ్గించుకునే మార్గాలు.