ఇంజిన్ లైటు వెలిగింది, పికప్ పోయింది: ఇప్పుడేం చేయాలి?

మన హాస్టల్లో చదివి బయటికి వెళ్లినవాళ్లలో డ్రైవింగునే బతుకుదెరువు చేసుకున్నవారు చాలామందే ఉన్నారు. గోదావరిఖని, ఎన్టీపీసీ, ఎనిమిదో ఇంక్లైన్ కాలనీల మధ్య కిరాయి కార్లు నడిపే అన్నల నోట తరచుగా వినిపించే మాట ఒకటుంది: "లైటు వచ్చింది, బండి లాగుతలేదు." ఆ పూట కిరాయి పోతుంది, కిస్తీ తేదీ మాత్రం ఆగదు. అందుకే ఈ సంచికకు ఈ విషయం ఎంచుకున్నాను.

ముందుగా రంగు చూడాలి. ఎర్రటి ఆయిల్ గుర్తు వెలిగితే వెంటనే ఇంజిన్ ఆపాలి, అందులో రెండో ఆలోచన లేదు. ఇంజిన్ బొమ్మతో ఉండే పసుపు లైటు వేరు. అది నిలకడగా వెలిగితే మెల్లగా షెడ్డు దాకా నడుపుకోవచ్చు. పెట్రోలు బండిలో అదే లైటు మినుకుమినుకుమంటే ఏదో ఒక సిలిండర్లో ఇంధనం సరిగా కాలడం లేదన్నమాట. కాలని పెట్రోలు సైలెన్సరు దారిలోని కెటలిటిక్ కన్వర్టర్‌లోకి వెళ్లి మండి, దాన్ని పాడుచేస్తుంది. ఆ భాగం చాలా ఖరీదు. అప్పుడు బండిని పక్కకు తీయడమే మంచిది.

లైటుతోపాటు బలం ఎందుకు పోతుంది? చాలాసార్లు ఇంజిన్ చెడిపోయి కాదు. లోపల ఉండే కంప్యూటరు సెన్సార్ల లెక్క కుదరనప్పుడు, పెద్ద నష్టం జరగకుండా ఇంధనాన్ని తనే తగ్గించేస్తుంది. దీన్ని లింప్ మోడ్ అంటారు. కుంటుకుంటూ ఇల్లు చేరే పద్ధతి అనుకోండి. తాళం తీసి మళ్లీ పెడితే కాసేపు బాగా నడిచి, లారీని దాటబోయేసరికి మళ్లీ చతికిలబడడం దీని లక్షణం.

ఆ కంప్యూటరు తను పట్టిన తప్పును ఒక నంబరుగా దాచుకుంటుంది. దాన్ని చదవడానికి స్టీరింగు కింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. అమెరికాలో 1996 నుంచి అన్ని కార్లకూ ఇదే తప్పనిసరి. మన దేశంలో 2010లో మొదలైన భారత్ స్టేజ్-4 నిబంధనలతో ఈ ఓబీడీ ఏర్పాటు వచ్చింది. సాకెట్టులో పెట్టి ఫోనుకు కలిపే చిన్న రీడరు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. నలుగురు డ్రైవర్లు కలిసి ఒకటి కొనుక్కున్నా చాలు.

అసలు సంగతి ఇక్కడే ఉంది. కోడ్ చెప్పేది లక్షణం. ఫలానా సామాను మార్చమని అది చెప్పదు. మన సీనియర్ అన్న ఒకరి డీజిల్ కారు రాజీవ్ రహదారి మీద బొగ్గు లారీని దాటబోయిన ప్రతిసారీ పికప్ పడిపోయేది. రీడరులో పి0299 వచ్చింది. టర్బో ఇవ్వాల్సినంత గాలి ఒత్తిడి ఇంజినుకు అందడం లేదని దాని అర్థం. ఒక షెడ్డులో టర్బో మొత్తం మార్చాలన్నారు. అంటే ఆయనకు రెండు మూడు నెలల కిస్తీ. మార్చే ముందు బానెట్ ఎత్తి, ఒకరు యాక్సిలరేటరు తొక్కుతుంటే ఇంకొకరు చెవిపెట్టి విన్నారు. బుస్సుమని శబ్దం. టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే రబ్బరు హోస్ పైపు క్లిప్పు దగ్గర చీలింది, అక్కడే నూనె చెమ్మ కూడా ఉంది. పైపు, క్లిప్పు మార్చాక కోడ్ మళ్లీ రాలేదు.

గాలి అనగానే మన ప్రాంతం సంగతి చెప్పాలి. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా కాలడానికి సుమారు తొమ్మిది వేల లీటర్ల గాలి కావాలి. ఓపెన్‌కాస్టుల పక్క రోడ్ల మీద ఆ గాలంతా బొగ్గు దుమ్ముతోనే వస్తుంది. కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ఎయిర్ ఫిల్టరును ముందే తీసి చూడండి. దుమ్ము దాటి లోపలికి పోతే గాలిని కొలిచే సెన్సారు మీద పేరుకుని లెక్క తప్పుతుంది.

2020లో భారత్ స్టేజ్-6 వచ్చాక డీజిల్ కార్ల సైలెన్సరు దారిలో మసి పట్టే ఫిల్టరు, అంటే డీపీఎఫ్, మామూలైంది. దీన్ని బొగ్గు దుమ్ముతో కలపొద్దు, ఈ మసి ఇంజినులోనే పుడుతుంది. అది కాలిపోవాలంటే ఫిల్టరు దాదాపు ఆరువందల డిగ్రీలు వేడెక్కాలి. క్వార్టర్ల నుంచి గని గేటు దాకా రెండు కిలోమీటర్లు తిరిగితే అంత వేడి రాదు. మసి లైటు వెలిగిన కొత్తలోనే హైవే మీద ఇరవై, ముప్పై నిమిషాలు ఒకే వేగంతో నడిపితే తరచుగా సర్దుకుంటుంది. పికప్ కూడా పోయిందంటే ఆ దశ దాటినట్టే, సర్వీసు సెంటరుకు వెళ్లాలి.

పెట్రోలు బండికి ఒక సులువైన పరీక్ష ఉంది. పి0301 వస్తే ఒకటో సిలిండరు సరిగా మండడం లేదన్నమాట. ఇంజిన్ ఆపి, చల్లారాక దాని ఇగ్నిషన్ కాయిల్‌ను మూడో సిలిండరు కాయిల్‌తో మార్చి పెట్టండి. కోడ్ చెరిపి నడపండి. ఈసారి పి0303 వస్తే తప్పు కాయిల్‌దే. మళ్లీ పి0301 వస్తే ప్లగ్గు, ఇంజెక్టరు వైపు చూడాలి.

ఏ కోడ్ వచ్చినా చెరిపే ముందు కాగితం మీద రాసుకోండి. తప్పు పట్టిన క్షణంలో వేగం, ఆర్‌పీఎం ఎంతున్నాయో కూడా కంప్యూటరు దాచి ఉంచుతుంది. బ్యాటరీ వైరు పీకితే చాలా బండ్లలో అదంతా పోతుంది, షెడ్డులో మళ్లీ మొదటి నుంచీ వెతకాల్సి వస్తుంది.