మంచు మెత్తనిదే... కానీ!

మంచు అనగానే మనకు దూదిలాంటి తెలుపే గుర్తొస్తుంది. కానీ కొండవాలు మీద మంచు పొరలు పొరలుగా పడుతుంది. అడుగు పొర పంచదారలా పొడిపొడిగా ఉంటే, పైన కొత్తగా పడ్డ మంచుకు పట్టు ఉండదు. ఒక్క మనిషి బరువు చాలు, పలకలా విరిగి జారిపోతుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలుల్లోనే ఈ ప్రమాదం ఎక్కువ.

2022 అక్టోబరు 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా డాండా-2 శిఖరం మీద మంచుచరియ విరుచుకుపడి, ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ బృందంలో 29 మంది చనిపోయారు. వారిలో శిక్షకురాలు సవితా కన్స్వాల్ ఒకరు. అదే ఏడాది మే నెలలో ఎవరెస్ట్‌నూ, మకాలూనూ 16 రోజుల వ్యవధిలో ఎక్కిన అమ్మాయి! అంత అనుభవం ఉన్నవాళ్లకే తప్పలేదు.

ఇప్పుడు మన పిల్లలూ సెలవులొస్తే హిమాలయాలకు ట్రెక్కింగ్ అంటున్నారు. వద్దని అడ్డుపడకండి. స్వెట్టర్లు పెట్టుకున్నావా అని అడిగే నోటితోనే ఇంకో నాలుగు మాటలు అడగండి. ఈ రెండు రోజుల్లో అక్కడ మంచు బాగా పడిందా? వెంట వచ్చేవాళ్లకు ఆ దారి తెలుసా? కూరుకుపోయిన మనిషి జాడ చెప్పే బీకన్, పొడిచి వెతికే కడ్డీ, తవ్వే పార ఉన్నాయా? పావుగంటలోగా బయటికి తీస్తే బతికే అవకాశం ఎక్కువ. అంటే పక్కనున్నవాళ్లే తీయాలన్నమాట.

శిఖరం వచ్చే ఏడాదీ అక్కడే ఉంటుంది. వెనక్కి తిరిగి రావడం ఓటమి కాదని పిల్లలకు అమ్మే చెప్పాలి మరి!