చక్రాల కుర్చీకి ఒక గది కావాలి

విదేశ ప్రయాణం అనగానే మనకు పాస్‌పోర్టు, వీసా, విమానం టిక్కెట్టు గుర్తుకొస్తాయి. రాత్రి ఉండే గది గురించి చివరికి ఆలోచిస్తాం. చేతిలో పైసలుంటే గది దొరక్కపోతుందా అని మన ధీమా. కాని చక్రాల కుర్చీలో తిరిగే మనిషికి ఈ లెక్క తలకిందులవుతుంది. టిక్కెట్టు కంటే ముందు ఆయన గది సంగతి తేల్చుకోవాలి.

ఇది మన బొగ్గుబాయి ప్రాంతానికి సంబంధం లేని ముచ్చట కాదు. బాయిలో పైకప్పు కూలి వెన్ను దెబ్బతిన్న కార్మికులు, తాటిచెట్టు మీది నుంచి జారిపడ్డ గీత కార్మికులు, పోలియో సోకినవాళ్ళు మన కాలనీల్లోనూ పల్లెల్లోనూ ఉన్నారు. వాళ్ళ పిల్లలు చదువుకొని అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా పోతున్నారు. "బాపూ, ఒక్కసారి వచ్చి చూసిపో" అని పిలుస్తున్నారు. విమానాశ్రయంలో ముందుగా చెబితే కుర్చీ తోసే మనిషి దొరుకుతాడు. అసలు చిక్కు హోటల్ బాత్‌రూం తలుపు దగ్గర వస్తుంది.

మా మేనమామ ఒకాయన బిడ్డ పట్టా పుచ్చుకుంటుంటే చూద్దామని పోయి, దారిలో రెండు రాత్రులు ఒక హోటల్లో ఉండవలసి వచ్చింది. గది చక్రాల కుర్చీకి అనుకూలమని ముందే చెప్పారు. కుర్చీ గదిలోకైతే పోయింది గాని బాత్‌రూంలోకి పోలేదు. ఆ రెండు రోజులూ ఆయన నీళ్ళు తాగుడు తగ్గించుకున్నాడు. ఎందుకో వేరే చెప్పనక్కర లేదు. వెన్ను దెబ్బతిన్న మనిషికి అది ఎంత హానికరమో వైద్యం చదివేవాళ్ళకు తెలుసు.

"అనుకూలం" అన్నది మాట. మనకు కావలసింది కొలత. మా నాయన విత్తనాల సంచి మీది బొమ్మ చూసి కొనడు, మొలక శాతం ఎంతని అడుగుతాడు. గది విషయంలోనూ అదే పద్ధతి పాటించాలి.

మొదటి కొలత తలుపు. మామూలు చక్రాల కుర్చీ వెడల్పు సుమారు 25 అంగుళాలు. చక్రం తిప్పే చేతులకూ చోటు కావాలి కనుక అమెరికా ప్రమాణాలు కనీసం 32 అంగుళాల ఖాళీ ఉండాలంటాయి. ఇది చౌకట్టు కొలత కాదు. తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే ఖాళీ. గది తలుపుకూ బాత్‌రూం తలుపుకూ విడివిడిగా అడగాలి.

రెండోది మలుపు. కుర్చీ గుండ్రంగా తిరగడానికి 5 అడుగుల వ్యాసం గల ఖాళీ జాగా ఉండాలి. అది లేకపోతే లోపలికి పోయిన మనిషి వెనక్కి నడుపుకుంటూ బయటికి రావాలి.

మూడోది వాలు. బాయి పనివాళ్ళకు గ్రేడియంట్ గురించి మనం చెప్పేదేముంది! ర్యాంపుకు ఒప్పుకొన్న వాలు 12కు 1. అంటే అడుగు ఎత్తు ఎక్కాలంటే 12 అడుగుల పొడవు కావాలి. మనిషీ కుర్చీ కలిపి 75 కిలోలనుకుందాం. రాపిడిని వదిలేస్తే, ఈ వాలు మీద పైకి తోయడానికి సుమారు 6 కిలోల బరువుకు సమానమైన బలం చాలు. అదే 6కు 1 అయితే 12 కిలోలు దాటుతుంది. "మెట్లు మూడే ఉన్నాయి" అని హోటల్ వాళ్ళు తేలిగ్గా అంటారు. మెట్టుకు 6 అంగుళాల చొప్పున మూడు మెట్లకు 18 అడుగుల ర్యాంపు కావాలి.

నాలుగోది ఎత్తు. కమోడ్ 17 నుంచి 19 అంగుళాల ఎత్తున, పక్కన పట్టుకునే కడ్డీతో ఉంటే కుర్చీలోంచి దానిమీదికి జరగవచ్చు. మంచం ఎత్తుకు అమెరికా ప్రమాణాల్లో కొలత లేదు. అందుకే దాన్ని తప్పక అడగాలి.

అమెరికాలో వికలాంగుల హక్కుల చట్టం 1990లో వచ్చింది. దాని కింద 2012 మార్చి నుంచి అమలైన నియమం ప్రకారం, గదిలో ఏయే సౌకర్యాలున్నాయో హోటల్ వివరంగా చెప్పాలి. బుక్ చేసిన ఆ గదినే మనకు అట్టిపెట్టాలి. ఇది తెలిసినవాడు మొగమాటం లేకుండా అడగగలడు. అయినా ఒక మెలిక ఉంది. అక్కడ అనుకూలమైన గదులు కొన్నింటిలో స్నానానికి తొట్టి ఉంటుంది. దాని అంచు దాటలేనివాళ్ళు కుర్చీతో సహా పోగలిగే షవర్ ఉన్న గదే కావాలని స్పష్టంగా చెప్పాలి. ఇంకో మాట. అమెరికాలో ఫస్ట్ ఫ్లోర్ అంటే నేల అంతస్తు. ఇంగ్లండులో మనలాగే మెట్లెక్కిన తర్వాతది. కాబట్టి లిఫ్టు ఉన్నదా, కుర్చీ అందులో పడుతుందా అని అడగాలి. కరెంటు కుర్చీ అయితే ఛార్జరు మీద 100–240 వోల్టులని ఉందేమో చూసుకోవాలి. అమెరికాలో సరఫరా 120 వోల్టులే.

ఈ ప్రశ్నలన్నీ ఈమెయిల్‌లో రాసి, తలుపుకు టేపు పట్టి ఫోటో తీసి పంపమనడం అన్నిటికంటే మేలు. పంపనివాళ్ళ హోటల్ వదిలేయవచ్చు.

మరి మన దేశం సంగతేమిటి? 2001 జనవరిలో స్టీఫెన్ హాకింగ్ ఢిల్లీ వచ్చినప్పుడు కుతుబ్‌మీనార్, జంతర్‌మంతర్ వంటి చోట్ల ఆయన కోసం తాత్కాలికంగా చెక్క ర్యాంపులు వేశారు. కొన్ని చెక్కలతో పోయే అడ్డంకి అన్నేళ్ళు ఎందుకున్నట్టు? 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రైవేటువైనా సరే ప్రజలు వాడే భవనాలకు వర్తిస్తుంది. ఈ ప్రమాణాలు కేవలం సలహాలుగా ఉంటే చాలదని, తప్పనిసరి నియమాలు చేయాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

చట్టం గోదావరిఖని దాకా నడిచొచ్చేలోగా మనం చేయగల పని ఒకటుంది. ఒక టేపు, ఒక నోటుబుక్కు, ఇద్దరు విద్యార్థులు చాలు. రామగుండం స్టేషన్ నుంచి గోదావరిఖని దాకా ఉన్న లాడ్జీలు, ఫంక్షన్ హాళ్ళు, మన కాలేజీ గదులు, హాస్టల్ బాత్‌రూములు కొలుద్దాం. మెట్లు ఎన్ని, తలుపు ఎన్ని అంగుళాలు, లోపల కుర్చీ తిరుగుతుందా లేదా రాసుకుందాం. ఆ పట్టికను వచ్చే ఏటి సంచికలో అచ్చువేయాలని యూనియన్ మిత్రులకు మనవి. అమెరికా పోయే బాపుకే కాదు, పక్క వీధిలో పెళ్ళికి రాలేక ఇంట్లోనే ఉండిపోతున్న మనిషికీ అది పనికొస్తుంది.