కార్బన్ బ్లేడ్: బంతి తాకిడి చేతికి ఎలా తెలుస్తుంది?

టేబుల్ టెన్నిస్ బ్యాట్‌కున్న రబ్బర్లు ఊడదీస్తే మిగిలేదే బ్లేడ్. కార్బన్ బ్లేడ్ అన్నా అందులో ఎక్కువ భాగం చెక్కే. మందంలో కనీసం 85 శాతం సహజమైన కలప ఉండాలని అంతర్జాతీయ నియమం. ఒక్కో కార్బన్ పొర 0.35 మిల్లీమీటర్లు దాటకూడదు.

అంత పల్చటి పొర ఏం చేస్తుంది? బంతి తగిలినప్పుడు చెక్క వంగి, అదిరి, కొంత శక్తిని మింగేస్తుంది. కార్బన్ పోగు తేలిగ్గా వంగదు కాబట్టి బంతి మరింత వేగంగా తిరిగి వెళ్తుంది. బ్యాట్ అంచు దగ్గర తగిలినా దెబ్బ మరీ నీరసపడదు.

అసలు కిటుకంతా ఆ పొర ఎక్కడుందన్నదే. బ్లేడ్ అంచును కళ్ల దగ్గర పెట్టుకుని చూడండి, నల్లటి గీతలు కనిపిస్తాయి. బటర్‌ఫ్లై కంపెనీ వారి విస్కారియా బ్లేడ్‌లో అవి పై పొరకు వెంటనే కింద ఉంటాయి. అందుకే కాస్త తాకించినా బంతి చటుక్కున వెళ్లిపోతుంది. అదే కంపెనీ ఇన్నర్‌ఫోర్స్ రకంలో నడిమి చెక్కను ఆనుకుని ఉంటాయి. మెల్లగా ఆడితే చెక్క స్పర్శే చేతికి తెలుస్తుంది, గట్టిగా కొట్టినప్పుడు కార్బన్ బలం బయటపడుతుంది. ఈ రెంటిలోనూ కార్బన్‌తో ఆరిలేట్ పోగు కలిపి నేసిన రకాలున్నాయి. ఆరిలేట్ అదురును తగ్గిస్తుంది.

ఎదుటివారి సర్వీసును నెట్ దగ్గరే పొట్టిగా వదలడం ఇంకా కుదరట్లేదా? అయితే ఐదు పొరల చెక్క బ్లేడే కొనండి. ఆ నేర్పు వచ్చాక లోపలి కార్బన్‌కు మారవచ్చు.