ఇంటి వస్తువు ఇంటర్నెట్ సంతలో

కోత పండుగనాడు ఆరాధన ముగిసిన తరువాత గుడి ఆవరణలో జరిగే వేలంపాట మన గ్రామ సంఘాలవారికి కొత్త కాదు. గుమ్మడికాయ, కోడిపుంజు, అరటిగెల, ధాన్యపు బస్తా ఒక్కొక్కటే పాటకు వస్తాయి. బజారులో యాభై రూపాయలు చేయని గుమ్మడికాయను ఐదువందలకు పాడుకొని సంతోషముగా భుజాన మోసుకొనిపోయే పెద్దలను మేము ఎరుగుదుము. అక్కడ పాడేవాడు కాయను కొనడము లేదు, కానుక ఇస్తున్నాడు. పైగా పాట పెట్టినవారు, పాడినవారు ఒకరికొకరు తెలిసినవారే. సెల్‌ఫోనులో జరిగే అమ్మకాలలో ఈ రెండు సంగతులూ ఉండవు. ఇంటిలోని పాత సామాను మా పిల్లలు ఫోనులో అమ్మకానికి పెడుతున్నారు, ఇది మంచిదేనా అయ్యగారూ అని తల్లిదండ్రులు అడుగుచున్నందున ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ పద్ధతి 1995లో అమెరికాలో కాలిఫోర్నియాలో మొదలైనది. పియెర్ ఒమిడ్యార్ అనే యువకుడు తన కంప్యూటరులో ఒక వేలముశాల తెరిచాడు. తరువాత దానికే ఈబే అని పేరు వచ్చింది. అందులో మొదట అమ్ముడుపోయినది పాడైపోయిన లేజర్ పాయింటరు. 14 డాలర్ల 83 సెంట్లకు ఒకాయన పాడుకున్నాడు. అది పనిచేయదని నీకు తెలుసా అని ఒమిడ్యార్ అడిగితే, పాడైనవాటినే పోగుచేసుకుంటానని ఆయన జవాబిచ్చాడట. మన దేశములో బాజీ డాట్ కామ్ అనే సంస్థను ఈబే 2004లో కొన్నది గాని, 2018లో ఆ ఇండియా అంగడి మూతపడింది. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలు ఇప్పటికీ ఈబేలో అమ్ముతుంటారు. మన ఊళ్లలో మాత్రము ఓఎల్ఎక్స్, ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్, వాట్సాప్ గ్రూపులు ఎక్కువ. అక్కడ పాట ఉండదు, బేరమే ఉంటుంది. అయినను లాభనష్టాలు ఇంచుమించు ఒకటే.

లాభము లేదనలేము. మా సంఘములో ఒక సహోదరి కుట్టుమిషనును పాత ఇనుప సామాను వ్యాపారి ఆరువందలకు అడిగాడు. కుమారుడు ఫోటో తీసి పెడితే పక్క మండలములో కుట్టుపని నేర్చుకొనే అమ్మాయి నాలుగు వేలిచ్చి తీసుకొనిపోయింది. ఇనుమును తూకానికి కొనేవాడికి, పనిముట్టు అవసరమైనవాడికి తేడా అదే. ఇంకొక సంగతి కూడా ఉన్నది. ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడో, పిల్లల ఫీజు కట్టవలసినప్పుడో ఇంటి వస్తువు పట్టుకొని ఊరిలో గుమ్మము గుమ్మము తిరగడము ఎంత సిగ్గుగా ఉంటుందో అనుభవించినవారికే తెలుసు. తాకట్టు పెట్టి వడ్డీ కట్టలేక పోగొట్టుకొనుటకంటె, అక్కరలేని వస్తువును మంచి ధరకు అమ్ముకొనుట మేలని మా అభిప్రాయము. బర్నబా పొలమే అమ్మాడు గదా.

అయితే మోసగాళ్లు కాచుకొని ఉండేది కూడా ఈ సంతలోనే. తరచుగా జరిగేది ఇది. మీరు మంచమో ఫ్రిజ్జో పెట్టిన గంటలోనే ఒకడు ఫోను చేస్తాడు. మిలిటరీలో పనిచేస్తున్నానంటాడు, యూనిఫారము ఫోటో పంపుతాడు, బేరమే ఆడడు. డబ్బు ఇప్పుడే పంపుతాను, ఈ క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి మీ పిన్ కొట్టండి అంటాడు. కొట్టిన వెంటనే డబ్బు రావడానికి బదులు మీ ఖాతాలోనిది పోతుంది. మాకు తెలిసిన ఒక కుటుంబము మూడు వేల బల్ల అమ్మబోయి తొమ్మిది వేలు పోగొట్టుకొన్నది. ఇంటిలో అందరికీ, ముఖ్యముగా పెద్దవారికి, ఒక్క సంగతి నేర్పండి: యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, పుచ్చుకొనడానికి ఎన్నడూ అక్కరలేదు. బేరమాడనివాడిని అనుమానించవలసిన కాలము వచ్చింది! కొనేవాడు వస్తువు బాగులేదు బాగులేదని చెప్పి, కొనుక్కొనిపోయాక అతిశయపడతాడని సామెతలు 20వ అధ్యాయములో చదువుతున్నాము. అటువంటివాడు నిజమైన కొనుగోలుదారుడు.

పాత అయిదు రూపాయల నోటుకు, పాత నాణేనికి లక్షలిస్తామనే ప్రకటనలు ఇంకొక వల. ముందు పన్ను కట్టండి, కమీషను కట్టండి అంటారు. తన పేరు వాడి ఇట్లు మోసగిస్తున్నారని రిజర్వు బ్యాంకే 2021లో హెచ్చరించింది. డబ్బు పోయినచో ఆలస్యము చేయక 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశము అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచిపెట్టేవారే ఎక్కువ నష్టపోతారు.

ఇక అమ్మేవారి సంగతి. పగులు కనబడని వైపునుండి ఫోటో తీయడము మన విశ్వాసుల పిల్లలు కూడా నేర్చుకొన్నారు. న్యాయమైన త్రాసులుండవలెనని లేవీయకాండములో ఆజ్ఞాపించిన దేవుడు ఫోటోను విడిచిపెడతాడా? మోటారు కాలిపోయి మళ్లీ చుట్టించిన మిక్సీ అయితే ఆ మాట వ్రాయండి. వంద తక్కువ రావచ్చు, రానీయండి.

మోటారుసైకిలు అమ్మేవారు డబ్బు లెక్కపెట్టుకొని తాళాలు ఇచ్చి ఊరుకోకూడదు. ఫారం 29, 30 సంతకాలు చేసి ఆర్.సి. కొన్నవాని పేరుకు మారేవరకు వెంటబడండి. రిజిస్టరులో ఎవరి పేరున్నదో వారే యజమాని అని, ప్రమాదము జరిగితే నష్టపరిహార బాధ్యత వారిదేనని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. బండి ఎక్కడో, ఎవరో నడుపుతారు, సమన్లు మీ ఇంటికి వస్తాయి. పాత సెల్‌ఫోను అమ్మేటప్పుడు సిమ్ము, మెమొరీ కార్డు తీసి, ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి. అందులో మీ కుమార్తెల ఫోటోలు, బ్యాంకు సంగతులు ఉంటాయి. కొనేవారిని ఇంటికి పిలిచేకంటె బజారులోనో, గుడి దగ్గరనో కలుసుకొనండి. ఆడవారు ఒంటరిగా ఉన్న వేళ అసలే రమ్మనవద్దు.

ఏది అమ్మవచ్చు, ఏది కూడదు అనేది ఇంటింటికీ వేరు. నూరేండ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టము వర్తిస్తుంది. వాటిని సొంతముగా విదేశాలకు పంపితే నేరము. అంత పాతవి మన ఇండ్లలో తక్కువే. కాని తాతగారి పేరు, బాప్తిస్మము తేదీలు వ్రాసియున్న కుటుంబ బైబిలు, అమ్మగారి ఇత్తడి బిందెలు ఉంటాయి. ఇంటిలో ఒకరు ఫోనులో నొక్కితే చాలును, మిగిలినవారికి తెలియకుండానే పోతాయి. నాబోతు తన పిత్రార్జితాన్ని రాజుకే ఇవ్వనన్నాడు. భార్యను అడగకుండా భర్త, తల్లిని అడగకుండా కుమారుడు అమ్మిన వస్తువుల గొడవలు ఈ మధ్య మా వద్దకు తీర్పుకు వస్తున్నాయి. తల్లిదండ్రులు ప్రభువు సన్నిధికి వెళ్లిన తరువాత వారి సామాను అమ్మదలచినయెడల, ఫోటో తీయకముందే అత్తవారిండ్లలో ఉన్న అక్కచెల్లెండ్రకు కబురు పెట్టండి. ఆ ఇత్తడి బిందె కోసము మూడు బస్సులు మారి వచ్చే కుమార్తె ఒకతె ఉండవచ్చు.