ఆద్మీ, ఇన్సాన్, నరుడు

ప్రతి రచయితకూ తొలి గురువులు పుస్తకాలే అంటారు. కాని నాకు గాలిబ్‌ను పరిచయం చేసినది మొదట పుస్తకం కాదు, ఒక పాత చలనచిత్రం. సొహ్రాబ్ మోదీ దర్శకత్వంలో 1954లో వెలువడిన ‘మీర్జా గాలిబ్’ అది. కథ సాదత్ హసన్ మంటోది, సంభాషణలు రాజేందర్ సింగ్ బేదీవి. గాలిబ్‌గా భరత్ భూషణ్ నటించగా, సురయ్యా గజళ్లను ఆలపించింది. ఆ సంవత్సరపు ఉత్తమ చిత్రంగా రాష్ట్రపతి స్వర్ణపతకం పొందిన చిత్రమది.

ఆ గానం నన్ను ముగ్ధుణ్ణి చేసింది. అర్థం మాత్రం సగమే అందింది. మా ఇంట మాట్లాడేది ఉర్దూయే; అయినా నేను చదువుకున్నది తెలుగు మాధ్యమంలో. ఉర్దూ లిపిని కూడబలుక్కొని చదవగలిగేవాణ్ణి, అంతే. మాతృభాషలోని మహాకవి ముంగిట నిలిచి, లోపలికి పోలేక వెనుదిరిగేవారు మనలో ఎందరో ఉన్నారు. నేనూ వారిలో ఒకణ్ణి.

ఆ తలుపు తెరిచినవాడు ఒక తెలుగు కవి. దాశరథి కృష్ణమాచార్య ‘గాలిబ్ గీతాలు’ 1961లో, బాపు చిత్రాలతో, వెలువడినవి. నా భాషలోని కవిని నాకు తెలుగు కవి చేయిపట్టి చూపించడం నాకు ఆశ్చర్యమూ కలిగించింది, కొంత సిగ్గూ కలిగించింది.

ఆ పని ఎంత కష్టమైనదో తెలియాలంటే గజల్ నిర్మాణం కొంత తెలియాలి. గజల్‌లోని రెండు పాదాల పద్యాన్ని షేర్ అంటారు. మొదటి షేర్ మత్లా. దాని రెండు పాదాల చివరా ఒకే పదమో పదబంధమో మారకుండా వస్తుంది, అది రదీఫ్. దానికి ముందు వచ్చే ప్రాసపదం కాఫియా. తరువాతి షేర్లలో ఇవి రెండవ పాదంలోనే వస్తాయి. కవి తన కలంపేరును పొదిగే చివరి షేర్ మక్తా. ప్రతి షేరూ తనంతట తానే పూర్ణమైన భావం. మన పద్యంలో ప్రాస పాదానికి రెండవ అక్షరాన నిలుస్తుంది. గజల్‌లో అది పాదాంతాన మ్రోగుతుంది. కనుక గజల్ రూపాన్ని యథాతథంగా తెలుగులోకి దించబూనితే భావం నలిగిపోతుంది. దాశరథి ఒక్కొక్క షేర్‌నూ విడిగా తీసుకొని, దాన్ని చిన్న తెలుగు పద్యంగా మలిచాడు.

ఒక్క ఉదాహరణ చాలు. మనిషి మనిషి కావడమే దుర్లభమన్న భావంతో గాలిబ్ చెప్పిన షేర్ ఒకటి సుప్రసిద్ధం. అందులో ఆయన ‘ఆద్మీ’, ‘ఇన్సాన్’ అని రెండు పదాలు వాడాడు. ఆదమ్ సంతతి కనుక ప్రతివాడూ పుట్టుకతోనే ఆద్మీ. ఇన్సానియత్ గలవాడే ఇన్సాన్. ఈ భేదాన్ని తెలుగులో చెప్పడమెట్లు? దాశరథి రెండవ పదం కోసం వెదకలేదు. ‘నరుడు’ అన్న మాటనే రెండుమార్లు వాడాడు. మొదటి నరుడు జన్మవలన నరుడు, రెండవ నరుడు గుణం వలన నరుడు. మాట ఒక్కటే, అర్థం మాత్రం ఎదిగింది. అనువాదమంటే నిఘంటువు పని కాదని నేను గ్రహించినది ఆనాడే.

ఈ దాశరథి ఎవరు? 1925లో ఓరుగల్లు ప్రాంతపు చిన్నగూడూరులో జన్మించి, నిజాం నిరంకుశత్వాన్ని ఎదిరించి, నిజామాబాదు చెరసాల గోడలపై బొగ్గుతో పద్యాలు వ్రాసినవాడు. ఆ రాజ్యంలో పాలన ఉర్దూలో సాగేది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ బోధన ఉర్దూలోనే జరిగేది. తెలుగుకు తగిన స్థానం లేదన్న బాధ నాటి తెలుగువారిది. అది న్యాయమైన బాధ. అట్టి కవి ఉర్దూను ద్వేషించి ఉంటే తప్పుపట్టేవారెవరు? కాని ఆయన ప్రభుత్వాన్ని ఎదిరించాడు, భాషను ప్రేమించాడు. సింహాసనం వేరు, భాష వేరు అని ఆయనకు తెలుసు. అదే నేలపై ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ సైతం ఆ పాలనపై పోరాడినవాడే కదా! ఉర్దూ మాధ్యమంలో చదువుకొన్న సి. నారాయణరెడ్డి తరువాత తెలుగులోనే గజళ్లు వ్రాశాడు.

ఈ సంచికలో కుడినుండి ఎడమకు నడిచే లిపి ఒకటి, ఎడమనుండి కుడికి నడిచే లిపి ఒకటి. మనలో చాలామంది మనకు వచ్చిన సగం చదివి, తక్కినది మూసివేస్తాము. నేనూ చాలాకాలం అదే చేశాను. గాలిబ్ గీతాలు చదివిన తరువాతనే ఉర్దూ లిపిని శ్రద్ధగా అభ్యసించి, మూలంలోని ఆ షేర్‌ను స్వయంగా చదువుకొన్నాను. అప్పుడు కూడా నా చెవిలో తెలుగు నరుడు మ్రోగుతూనే ఉన్నాడు. ఒక భాషను ప్రేమించడానికి మరొక భాషను విడువనక్కరలేదని విద్యార్థి మిత్రులకు మనవి చేస్తున్నాను. రెండవ సగాన్ని కూడా తెరవండి.