మేడల సముదాయమునకు మేనేజరును ఎన్నుకొనుట

మన పట్టణములలో ఒకే కప్పు క్రింద ఏబది, నూరు కుటుంబములు కాపురముండుట నేడు సామాన్యమైనది. మెట్లు, లిఫ్టు, నీళ్ల ట్యాంకు మొదలగు ఉమ్మడి భాగముల నిర్వహణ యజమానుల సంఘమునకు చెందునని 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టము చెప్పుచున్నది. పగలంతయు ఉద్యోగములకు పోవు సభ్యులు ఆ భారమును మోయలేరు. కనుక జీతమిచ్చి మేనేజరును పెట్టుకొందురు. పెండ్లికి వంటవానిని కుదుర్చుకొనుటలో మనవారు చూపు శ్రద్ధలో సగమైనను ఈ ఎన్నికలో కానరాదని మాకు తోచును.

సాధారణముగా జరుగు తంతు ఇది. కార్యవర్గమువారు ఐదారుగురు ఒక సాయంకాలము కూర్చుందురు. ఏ ఊరు, ఏమి చదివితిరి, జీతమెంత కావలెనని అడుగుదురు. మాటకారి నెగ్గును. ఒకరిని ఒక తీరున, మరొకరిని మరొక తీరున ప్రశ్నించినపుడు ఇరువురిని పోల్చుటకు కొలబద్ద ఏది? 1998లో ష్మిట్, హంటర్ అను శాస్త్రజ్ఞులు 85 ఏండ్ల పరిశోధనలను క్రోడీకరించిరి. అందరికి ఒకే ప్రశ్నలు వేసి విలువ కట్టుటయు, పనిలో కొంత చేయించి చూచుటయు, ఊరక ముచ్చటించుటకంటె పనివాని సమర్థతను బాగుగా తెలుపునని వారు తేల్చిరి.

అందుచేత అభ్యర్థిని కుర్చీలో కూర్చుండబెట్టుటకు ముందే మేడయంతయు త్రిప్పి చూపుడు. అరగంట చాలును. మీరేమియు చెప్పవలదు. సంపు మూత సందు విడిచియుండుట అతని కంట పడినదా? పై ట్యాంకు నిండి పొర్లుచుండగా మోటారు కట్టువారెవరని అడిగెనా? జనరేటరు గదిలో డీజిలు డబ్బాల ప్రక్కనే పాత అట్టపెట్టెలు పేర్చియుండుట గమనించెనా? మంటలార్పు సిలిండరు ముల్లు ఆకుపచ్చ భాగములో ఉన్నదో లేదో వంగి చూచువాడు దొరికినచో వానిని తేలికగా వదలుకొనరాదు.

పిదప లెక్కలు. ఒక నెల కరెంటు బిల్లు, ట్యాంకరు చీటీలు, వసూలు పుస్తకము ముందుంచుడు. ఒక చీటీని రెండుమారులు లెక్కలో చేర్చి ఉంచుడు. పట్టుకొన్నవాడు లెక్క చూడగలవాడే.

ఇక మేము అన్నిటికంటె ముఖ్యముగా ఎంచు ప్రశ్న. ‘‘ఆదివారము ఉదయము సెప్టిక్ ట్యాంకు నిండి, క్రింది ఇండ్లలోనికి మురుగు ఎగదన్నినది. ఏమి చేయుదురు?’’ పెక్కుమంది, ‘‘మనుషులను పిలిపించి దింపెదను’’ అందురు. ఆ తొట్టిలో హైడ్రోజన్ సల్ఫైడు అను విషవాయువు పోగగును. మొదట కుళ్లిన గ్రుడ్డు కంపు కొట్టును. మోతాదు హెచ్చినకొలది ముక్కునకు ఆ కంపు తెలియకుండ పోవును. కంపు తగ్గినదిగదా అని దిగినవాడు లోపలనే కూలును. వానిని పైకి లాగబోయి దిగిన రెండవవాడును కూలును. ఇట్లు రక్షణ సాధనములు లేకుండ మనిషిని దింపుటను 2013 నాటి చట్టము నిషేధించినది. మొదటి తప్పునకే రెండేండ్ల వరకు ఖైదు గాని, 2 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. మురుగును పీల్చు యంత్రము గల లారీని పిలిపించి, అది వచ్చువరకు నీటి వాడుక ఆపుమని ఇంటింటికి చెప్పుటయే తగిన సమాధానము.

అంతటితో విడువక నొక్కి అడుగుడు: ‘‘లారీ రేపుగాని రాదట. ఎవరినైన దింపుమని అధ్యక్షులవారే చెప్పుచున్నారు.’’ అప్పుడును కాదనగలిగినవాడే ఒక మనిషి ప్రాణమును కాపాడగలడు. జీతమిచ్చువారికి ఆ ‘కాదు’ రుచింపకపోవచ్చును. పొగరుబోతని పేరు పెట్టి పంపివేయుటయు కద్దు. మా దృష్టిలో అధిక మార్కులు రావలసినది ఆ జవాబునకే.

పూర్వపు యజమాని వ్రాసి ఇచ్చిన పొగడ్త పత్రమునకు మేము పెద్ద విలువ నీయము. ఆ మేడకే పోయి వాచ్‌మన్‌ను, ఊడ్చు ఆమెను పలుకరించినచో నిజము తెలియును. కులమేది, తిండి యేది అని అడుగు సంఘములు నేటికిని కలవు. నీళ్ల మోటారుతో ఆ ప్రశ్నలకేమి సంబంధమో వారే చెప్పవలెను. అభ్యర్థి స్త్రీయైనను ఇవే ప్రశ్నలు, ఇవే మార్కులు.

కుదిరిన పిదప మూడు నెలలు పరీక్షా కాలముగా ఉంచుడు. జీతము, పని గంటలు, వారమునకొక సెలవు దినము, ఆజ్ఞలిచ్చు ఒక్క వ్యక్తి పేరు కాగితముపై వ్రాసి ఇండ్లవారందరికి తెలుపుడు.